రాకెట్ వెళ్లాక గాలిలో ఏం మిగులుతుంది? శ్రీహరికోట నుంచి అండమాన్ దాకా పొగను కొలిచేదెలా

2023 జులై 14 మధ్యాహ్నం 2.35 గంటలకు చంద్రయాన్-3ను మోసుకుంటూ ఎల్‌వీఎం3 రాకెట్ శ్రీహరికోట నుంచి లేచింది. సుమారు 16 నిమిషాల్లో వ్యోమనౌక కక్ష్యలోకి చేరింది. ఇలాంటి ప్రతి ప్రయోగంలోనూ కెమెరాలు రాకెట్ వెంటే పైకి వెళ్లిపోతాయి. ప్రయోగ వేదిక దగ్గర మాత్రం ఒక తెల్లటి మేఘం మిగులుతుంది. కాసేపటికి అది గాలివాటున కదిలి, పలచబడి, కనిపించకుండా పోతుంది.

ఆ మేఘంలో ఏముంది? ఎంత ఉంది? ఎక్కడికి వెళ్లింది? ఈ మూడు ప్రశ్నలకు మామూలు వాయు నాణ్యతా కేంద్రం సమాధానం చెప్పలేదు. ప్రయోగం జరిగిన రోజున కూడా అది ‘గాలి బాగానే ఉంది’ అని చూపించవచ్చు. దాని లెక్క ప్రకారం అది తప్పేమీ కాదు. రాకెట్ పొగను పట్టుకోవాలంటే మాత్రం వేరే వాయువును, వేరే చోట, వేరే సమయంలో కొలవాలి.

ఏ ఇంధనం ఏం వదులుతుంది?

రాకెట్లన్నీ ఒకే పొగ వదలవు. అది ఇంధనాన్ని బట్టి మారుతుంది.

శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ, జీఎస్‌ఎల్‌వీల మొదటి దశ ఘన ఇంధనంతో నడుస్తుంది. అందులో సుమారు 139 టన్నుల ఇంధనం పడుతుంది. పీఎస్‌ఎల్‌వీ ఎక్స్‌ఎల్ రకానికి అదనంగా ఆరు ఘన ఇంధన స్ట్రాపాన్‌లు ఉంటాయి. ఒక్కోదానిలో సుమారు 12 టన్నులు. ఎల్‌వీఎం3కి ఇరువైపులా ఉండే రెండు ఎస్200 బూస్టర్లలో కలిపి సుమారు 410 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది.

ఈ ఘన ఇంధనం మూడు పదార్థాల ముద్ద. ఆక్సిజన్‌ను అందించే అమ్మోనియం పెర్క్లోరేట్ దాదాపు మూడింట రెండు వంతులు. అల్యూమినియం పొడి ఐదో వంతుకు కాస్త తక్కువ. మిగిలింది ఈ రెంటినీ పట్టి ఉంచే రబ్బరు లాంటి పాలిమర్. ఇవి మండినప్పుడు పెర్క్లోరేట్‌లోని క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్‌గా మారుతుంది. తేమ తగిలితే అదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అల్యూమినియం కాలి అల్యూమినియం ఆక్సైడ్ అవుతుంది. రాకెట్ వెనక కనిపించే చిక్కటి తెల్లదనం చాలావరకు ఈ ధూళే. రసాయన లెక్క ప్రకారం మండిన ఇంధనం బరువులో దాదాపు 21 శాతం హైడ్రోజన్ క్లోరైడ్‌గా, మూడో వంతు అల్యూమినియం ఆక్సైడ్‌గా బయటికొస్తాయి. వీటితో పాటు కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్ వెలువడతాయి. కార్బన్ మోనాక్సైడ్‌లో చాలా భాగం బయటి గాలి తగలగానే మళ్లీ మండి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ వేడికి గాలిలోని నైట్రోజన్ కొంత మండి నైట్రోజన్ ఆక్సైడ్లూ పుడతాయి.

వికాస్ ఇంజిన్‌లో వాడే ద్రవ ఇంధనం సంగతి వేరు. హైడ్రజీన్ తరగతి ఇంధనం, నైట్రోజన్ టెట్రాక్సైడ్ కలిసి సరిగ్గా మండితే ప్రధానంగా నైట్రోజన్, నీటి ఆవిరి, కార్బన్ ఆక్సైడ్లు వస్తాయి. ఇక్కడ అసలు ప్రమాదం మండిన పొగ కాదు, మండకుండా కారిపోయే ఆవిరి. అందుకే ఇంధనం నింపే సమయంలో లీకులను పసిగట్టే సెన్సర్లు ముఖ్యం. క్రయోజెనిక్ దశ ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌తో నడుస్తుంది. అది వదిలేది దాదాపు నీటి ఆవిరి, మండకుండా మిగిలిన హైడ్రోజన్.

అంటే శ్రీహరికోట నేల మీద గాలిని కొలిచేవారు ముందుగా వెతకాల్సినవి రెండు: హైడ్రోజన్ క్లోరైడ్, అల్యూమినియం ఆక్సైడ్.

పది టన్నులు: దగ్గర ఒక లెక్క, దూరాన ఒక లెక్క

ఎస్200 బూస్టర్లు సుమారు 128 సెకన్లు మండుతాయి. సగటున చూస్తే రెండూ కలిసి సెకనుకు 3.2 టన్నుల ఇంధనాన్ని కాలుస్తాయి. చంద్రయాన్-3 ప్రయోగంలో అవి విడిపోయిన ఎత్తు సుమారు 62 కిలోమీటర్లు. కాబట్టి 410 టన్నుల పొగ ఒకేచోట పడదు. నేల నుంచి 62 కిలోమీటర్ల దాకా నిలువు గీతలా పరుచుకుంటుంది.

అయితే రాకెట్ మొదట్లో నెమ్మదిగా కదులుతుంది. తొలి 15 సెకన్లలో సుమారు 48 టన్నుల ఇంధనం కాలుతుంది. అందులోంచి వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ దాదాపు 10 టన్నులు. ఇదంతా నేల నుంచి కిలోమీటరు లోపే ఉంటుంది.

ఈ 10 టన్నులు ఒక ఘన కిలోమీటరు గాలిలో సమానంగా కలిశాయనుకుంటే ఘనమీటరుకు 10 మిల్లీగ్రాములు అవుతుంది. భారత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం పని స్థలంలో ఏ క్షణంలోనూ దాటకూడని హద్దు 7 మిల్లీగ్రాములు, అంటే 5 పీపీఎం. అదే 10 టన్నులు 100 కిలోమీటర్ల పొడవు, 100 కిలోమీటర్ల వెడల్పు, ఒక కిలోమీటరు ఎత్తున్న గాలిలో కలిస్తే ఘనమీటరుకు ఒక మైక్రోగ్రాము. పదివేల రెట్లు తక్కువ.

ఇది కాగితం మీద వేసిన లెక్క. నిజమైన మేఘం ఇలా సమానంగా కలవదు. వేడికి చాలా భాగం పైకి లేచిపోతుంది. కొంత, వేదిక మీద కుమ్మరించే నీటిలో కరిగి అక్కడే పడుతుంది. అయినా ఈ లెక్క ఒక విషయం తేలుస్తుంది. రాకెట్ పొగ ప్రమాదమా కాదా అన్న ప్రశ్నకు ఒకే సమాధానం ఉండదు. ఎంత దూరంలో, ఎన్ని నిమిషాల తర్వాత అన్నది చెబితే తప్ప ఏ అంకెకూ అర్థం లేదు. ప్రయోగ సమయంలో వేదిక చుట్టూ కొన్ని కిలోమీటర్ల మేర మనుషులెవరూ లేకుండా చూసేది పేలుడు భయంతో మాత్రమే కాదు, ఈ పొగ వల్ల కూడా.

అమెరికా స్పేస్ షటిల్ అనుభవం

ఈ విషయంలో ఎక్కువగా పరిశీలించిన చోటు ఫ్లోరిడాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రం. 1981 నుంచి 2011 వరకు ఎగిరిన స్పేస్ షటిల్‌కు రెండు భారీ ఘన ఇంధన బూస్టర్లు ఉండేవి. వాటిలో కలిపి సుమారు 1,000 టన్నుల ఇంధనం. శబ్దాన్ని, మంటను తట్టుకోవడానికి వేదికపై 11 లక్షల లీటర్లకు పైగా నీళ్లు వదిలేవారు. ఆ నీటి తుంపరలు, ఆమ్లం, అల్యూమినియం ధూళి కలిసి వేదికకు దగ్గర్లో వానలా పడేవి.

దాన్ని కొలవడానికి శాస్త్రవేత్తలు ఖరీదైన పరికరాలతో పాటు చాలా సాదా వస్తువులూ వాడారు. పీహెచ్ కాగితాలు, రాగి పలకలు చుట్టుపక్కల అమర్చి, ప్రయోగం తర్వాత వాటిపై పడిన ఆమ్లపు చుక్కల మచ్చలను బట్టి మేఘం నడిచిన దారిని పటం గీశారు. వేదికకు ఆనుకుని ఉన్న లోతు తక్కువ నీటిలో ప్రయోగం తర్వాత కాసేపు ఆమ్లత్వం పెరిగి చిన్న చేపలు చనిపోయిన సందర్భాలు నమోదయ్యాయి. తరచూ ఆమ్లం పడిన చోట చెట్ల జాతులు తగ్గాయి. ఆ నష్టం ప్రధానంగా వేదికకు దగ్గరి ప్రాంతానికే పరిమితమైందని కూడా అదే పరిశీలన తేల్చింది.

ఎల్‌వీఎం3 బూస్టర్లలో ఉండే ఇంధనం షటిల్‌లో సగం కూడా ఉండదు. కాబట్టి ఫ్లోరిడా అంకెలను తెచ్చి పులికాట్‌కు అంటగట్టలేం. అక్కడ వాడిన పద్ధతిని మాత్రం తెచ్చుకోవచ్చు.

కొలిచే పరికరాలు, వాటి చిక్కులు

హైడ్రోజన్ క్లోరైడ్‌ను కొలవడానికి పాత, నమ్మకమైన పద్ధతి బుడగల సీసా. గాలిని పంపుతో లాగి క్షార ద్రావణంలోకి పంపిస్తే ఆమ్లం అందులో కరుగుతుంది. తర్వాత ప్రయోగశాలలో అయాన్ క్రోమటోగ్రఫీతో క్లోరైడ్ ఎంతుందో తేలుస్తారు. దీని లోపం ఒక్కటే. గంట సేపు లాగితే గంట సగటే వస్తుంది. ఏ నిమిషంలో ఎంత పెరిగిందో తెలియదు.

నిమిషాల లెక్క కావాలంటే పరారుణ కాంతితో గానీ లేజర్‌తో గానీ పనిచేసే పరికరాలు కావాలి. కొన్ని రకాలు గాలిని లోపలికి లాగకుండానే, ఒక చోటి నుంచి మరో చోటికి కాంతి కిరణం పంపి మధ్యలో ఉన్న వాయువును కొలుస్తాయి. దీంతో మరో ఇబ్బందీ తప్పుతుంది. హైడ్రోజన్ క్లోరైడ్ గొట్టాల గోడలకు అతుక్కుపోయే స్వభావం ఉన్నది. తేమ ఎక్కువగా ఉండే తీరంలో మామూలు గొట్టంతో లాగితే పరికరం దాకా చేరేది అసలు కంటే తక్కువ.

అల్యూమినియం ఆక్సైడ్ కోసం గాలిని వడపోత కాగితం గుండా లాగి, పేరుకున్న ధూళిని ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్‌తో విశ్లేషిస్తారు. మేఘం ఎత్తు, కదలిక చూడటానికి లైడార్ అనే లేజర్ రాడార్ పనికొస్తుంది. శ్రీహరికోటకు పడమరన వంద కిలోమీటర్లకు పైగా దూరంలో గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల రెండు దశాబ్దాలకు పైగా లైడార్‌తో, ఎంఎస్‌టీ రాడార్‌తో పై వాతావరణాన్ని గమనిస్తోంది.

సముద్రపు ఉప్పా? రాకెట్ పొగా?

తీరంలో క్లోరిన్ కనిపించినంత మాత్రాన అది రాకెట్‌దే అనడానికి లేదు. అలల తుంపర్లతో గాలిలో ఎప్పుడూ ఉప్పు ఉంటుంది. నగరాల నుంచి వచ్చే ఆమ్ల కాలుష్యం ఆ ఉప్పుతో కలిసినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ దానంతట అదే పుడుతుంది.

తేడా పట్టడానికి సోడియం సాయపడుతుంది. సముద్రపు నీటిలో బరువును బట్టి ఒక వంతు సోడియానికి దాదాపు 1.8 వంతుల క్లోరైడ్ ఉంటుంది. నమూనాలో క్లోరైడ్ అంతకంటే బాగా ఎక్కువైతే, ఆ అదనం వేరే చోటి నుంచి వచ్చినట్టు.

అల్యూమినియం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మట్టిలోనూ అల్యూమినియం ఉంటుంది. కానీ మట్టిలో దాని కంటే మూడు రెట్లకు పైగా సిలికాన్ ఉంటుంది. రాకెట్ ధూళిలో సిలికాన్ ఉండదు. పైగా రాకెట్ మంటలో కరిగి గడ్డకట్టిన అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద గుండ్రటి పూసల్లా కనిపిస్తాయి. మట్టి రేణువులు కోణాలు తేలి ఉంటాయి.

ఇవన్నీ తేల్చాలంటే ప్రయోగానికి ముందు రోజుల్లో అదే చోట, అదే పరికరంతో తీసిన కొలతలు చేతిలో ఉండాలి. ముందు లెక్క లేకుండా తర్వాతి లెక్కకు విలువ లేదు.

గాలి ఎటు వీస్తే అటు

శ్రీహరికోట బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకూ మధ్య ఉన్న దీవి. మేఘం తూర్పుకు కదిలితే సముద్రం మీదికి పోతుంది. పడమరకు కదిలితే సరస్సు మీదికి, సూళ్లూరుపేట వైపు వస్తుంది. పగలు ఎండ ముదిరాక సముద్రం నుంచి గాలి లోపలికి వీస్తుంది. రాత్రి నేల నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో గాలి ఎక్కువగా సముద్రం నుంచే వస్తుంది. వానలూ ఆ నెలల్లోనే ఎక్కువ. మేఘం వాన కింద చిక్కితే ఆమ్లం త్వరగా కడిగి నేలకు దిగుతుంది.

కాబట్టి కొలత కేంద్రాలను శాశ్వతంగా నాలుగు చోట్ల పెడితే సరిపోదు. ప్రయోగానికి ముందు బెలూన్‌తో పై గాలుల దిశ, వేగం, ఉష్ణోగ్రత తెలుసుకుని, మేఘం ఎంత ఎత్తులో నిలుస్తుందో, ఎటు కదులుతుందో అంచనా కట్టి, ఆ దారిలో సంచార పరికరాలు ఉంచాలి. అమెరికాలో దీని కోసమే ప్రత్యేకంగా కంప్యూటర్ నమూనాలు తయారుచేశారు.

పులికాట్‌లో చేపలు, రొయ్యలు పట్టుకుని బతికే కుటుంబాలకు ఈ వివరం అవసరం. ఉప్పు నీటిలోని బైకార్బనేట్ కొంత ఆమ్లాన్ని తనలోనే విరిచేస్తుంది. సన్నటి మంచినీటి గుంటలకు ఆ శక్తి తక్కువ. ప్రయోగం తర్వాత నీటి పీహెచ్‌ను ఏ గుంటలో, ఏ గంటలో చూశారన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

అండమాన్ దాకా ఏం చేరుతుంది?

శ్రీహరికోట నుంచి తూర్పు దిశగా వెళ్లే జీఎస్‌ఎల్‌వీ, ఎల్‌వీఎం3 రాకెట్ల దారి అండమాన్ నికోబార్ దీవుల వైపే సాగుతుంది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఇస్రోకు ట్రాకింగ్ కేంద్రం ఉంది. రాకెట్ సంకేతాలను అది అందుకుంటుంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభా 3,80,581. వారిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు.

తలపై నుంచి రాకెట్ వెళ్తుంది కాబట్టి పొగ కూడా పడుతుందా? చంద్రయాన్-3 ప్రయోగం క్రమమే దీనికి సమాధానం చెబుతుంది. బూస్టర్లు 62 కిలోమీటర్ల ఎత్తులో, తీరానికి దగ్గరగానే విడిపోయాయి. ద్రవ ఇంధన దశ సుమారు 176 కిలోమీటర్ల ఎత్తులో విడిపోయింది. దీవుల ఆకాశానికి చేరేసరికి మండుతున్నది క్రయోజెనిక్ దశ. అది వదిలే నీటి ఆవిరి నేల గాలికి చేరదు. అంత ఎత్తులో అది అయానో ఆవరణంలోని ఎలక్ట్రాన్లను తాత్కాలికంగా తగ్గించగలదు. 1973లో స్కైలాబ్ ప్రయోగం తర్వాత ఇలాంటి ‘రంధ్రం’ స్పష్టంగా కనిపించింది. దీన్ని కొలిచేది గాలి పంపులతో కాదు, నేల మీది జీపీఎస్ రిసీవర్లతో. ఉపగ్రహ సంకేతం ఎంత ఆలస్యమైందో చూసి దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో లెక్కిస్తారు.

ఇక శ్రీహరికోటలో నేల దగ్గర మిగిలిన మేఘం సంగతి. పోర్ట్ బ్లెయిర్ అక్కడికి సుమారు 1,370 కిలోమీటర్ల దూరం. సెకనుకు 5 మీటర్ల వేగంతో గాలి తిన్నగా వీచినా చేరడానికి మూడు రోజులకు పైగా పడుతుంది. నీటిలో ఇట్టే కరిగే హైడ్రోజన్ క్లోరైడ్ ఆలోగా సముద్రంలో, మబ్బుల్లో కలిసిపోతుంది. మిగిలేది ఏదైనా ఉంటే అది పైన లెక్కించిన ఒక మైక్రోగ్రాము కంటే చాలా తక్కువ.

అంత తక్కువను దీవుల గాలిలో విడదీయడం కష్టం. విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంలోని అంతరిక్ష భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2000 దశకం తొలినాళ్ల నుంచి పోర్ట్ బ్లెయిర్‌లో గాలిలోని సూక్ష్మ రేణువులను కొలుస్తున్నారు. 2006లో బంగాళాఖాతం, అరేబియా సముద్రాలపై జరిగిన ఐకార్బ్ పరిశోధనలోనూ ఆ కేంద్రం భాగం. చలికాలంలో భారత భూభాగం నుంచి, ఆగ్నేయాసియా నుంచి పొగ, ధూళి ఇక్కడిదాకా వస్తాయని, నైరుతి రుతుపవనాల్లో గాలి శుభ్రపడుతుందని ఈ కొలతల్లో తేలింది. దీనికి తోడు పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యాన 140 కిలోమీటర్ల దూరంలోపే దేశంలోని ఏకైక సజీవ అగ్నిపర్వతం బ్యారెన్ దీవి ఉంది. అగ్నిపర్వతాలు సల్ఫర్ డయాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ కూడా వదులుతాయి. 1991లో మళ్లీ మేల్కొన్నాక అది 2005, 2017లలోనూ ఎగజిమ్మింది. దీవుల్లో ఆమ్లపు జాడ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే, రాకెట్‌ను కాదు.

పైపొరల్లో ఏళ్ల తరబడి

నేల దగ్గరి పొగ గంటల్లో, రోజుల్లో పోతుంది. భూమధ్యరేఖ సమీప ప్రాంతాల్లో 16–17 కిలోమీటర్ల ఎత్తు దాటితే స్ట్రాటో ఆవరణం మొదలవుతుంది. అక్కడ వాన పడదు. చేరిన రేణువులు ఏళ్ల తరబడి ఉండగలవు. ఓజోన్ పొర ఉన్నదీ అక్కడే.

1990లలో అమెరికా శాస్త్రవేత్తలు డబ్ల్యూబీ-57 అనే విమానాన్ని టైటాన్-4 రాకెట్ పొగలోంచి నడిపి కొలతలు తీశారు. పొగ దారిలో ఓజోన్ కాసేపు దాదాపు పూర్తిగా మాయమై, తర్వాత చుట్టూ ఉన్న గాలి కలిసి కోలుకోవడం గమనించారు. 2023లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు మరో విషయం చెప్పారు. స్ట్రాటో ఆవరణంలోని పెద్ద సల్ఫ్యూరిక్ ఆమ్ల రేణువుల్లో దాదాపు 10 శాతంలో, తిరిగివచ్చి కాలిపోయిన ఉపగ్రహాలు, రాకెట్ల నుంచి వచ్చిన అల్యూమినియం, ఇతర లోహాలు ఉన్నాయన్నది ఆ పరిశోధన సారం. ప్రస్తుత ప్రయోగాల సంఖ్యకు ఓజోన్‌పై ప్రభావం స్వల్పమే. కానీ 2024లో ప్రపంచవ్యాప్తంగా 250కి పైగా కక్ష్యా ప్రయోగాలు జరిగాయి. ఓజోన్‌ను కాపాడే మాంట్రియల్ ఒప్పందం రాకెట్ పొగను నియంత్రించదు.

సగటులో కరిగిపోయే పది నిమిషాలు

భారత జాతీయ వాయు నాణ్యతా ప్రమాణాలు 2009లో ఇప్పటి రూపానికి వచ్చాయి. వాటిలో 12 కాలుష్యాలు ఉన్నాయి. పీఎం10, పీఎం2.5, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, సీసం వంటివి అందులో ఉన్నాయి. హైడ్రోజన్ క్లోరైడ్ లేదు. అల్యూమినియం కూడా లేదు.

ఇంకో చిక్కు సమయానిది. ఆ ప్రమాణాల్లో అతి తక్కువ వ్యవధి గంట. చాలావాటికి 24 గంటలు, ఏడాది. ఉదాహరణకు ఒకచోట 10 నిమిషాల పాటు హైడ్రోజన్ క్లోరైడ్ ఘనమీటరుకు 7 మిల్లీగ్రాములు ఉండి, మిగతా రోజంతా సున్నా అనుకుంటే, 24 గంటల సగటు 49 మైక్రోగ్రాములే. కళ్లు, గొంతు మండించే పది నిమిషాలు రోజు సగటులో మామూలు అంకెగా మారిపోతాయి. ఏడాది సగటులో అసలు కనిపించవు.

అందుకే ప్రయోగ కేంద్రం చుట్టూ గాలి బాగుందని చెప్పే ఏ నివేదికనైనా మూడు ప్రశ్నలతో చదవాలి. ఏ వాయువును కొలిచారు? ఎన్ని నిమిషాల సగటు? ఆ సమయంలో పరికరం గాలివాటుకు కింది వైపు ఉందా, పై వైపా?

ముందున్న అవకాశం

2025 జనవరి 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15తో శ్రీహరికోట వంద ప్రయోగాలు పూర్తిచేసుకుంది. అదే నెలలో కేంద్ర మంత్రివర్గం రూ.3,984.86 కోట్లతో మూడో ప్రయోగ వేదికకు ఆమోదం తెలిపింది. అక్కడి నుంచి ఎగరబోయే కొత్త తరం రాకెట్‌కు మీథేన్, ద్రవ ఆక్సిజన్ ఇంజిన్లను ఇస్రో రూపొందిస్తోంది. ఎల్‌వీఎం3 కోసం శుద్ధి చేసిన కిరోసిన్ ఇంజిన్ కూడా అభివృద్ధిలో ఉంది. వీటి పొగలో ఆమ్లం ఉండదు. కిరోసిన్‌తో మసి వస్తుంది. ఎల్‌వీఎం3 మధ్య దశ 40 కిలోమీటర్లకు పైన మండటం మొదలుపెడుతుంది కాబట్టి ఆ మసి నేలకు కాదు, పైపొరలకు చేరుతుంది. ఇంధనం మారితే కొలవాల్సిందీ, కొలవాల్సిన చోటూ మారతాయి.

తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. అక్కడి నుంచి ఎగరాల్సిన ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి దశలో సుమారు 87 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. పై లెక్కన ఒక్కో ప్రయోగానికి ఆ దశ నుంచి 18 టన్నుల హైడ్రోజన్ క్లోరైడ్, నేల నుంచి పైదాకా పరుచుకుని.

శ్రీహరికోటలో 1971 అక్టోబరులో తొలి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. అంతకు ముందు అక్కడి గాలి, నీరు, మట్టి ఎలా ఉండేవో ఇప్పుడు వెనక్కి వెళ్లి కొలవలేం. కులశేఖరపట్నంలో తొలి రాకెట్ లేచే దాకా ఆ అవకాశం ఉంటుంది. ఏడాది పొడవునా, అన్ని గాలుల కాలాల్లోనూ తీసిన ముందస్తు కొలతలు, ఆ తర్వాత ప్రతి ప్రయోగానికీ నిమిషాల లెక్కతో తీసిన కొలతలు పక్కపక్కన పెట్టి ప్రజలకు చూపిస్తే, రాకెట్ పొగ మీద భయం ఎంతవరకు నిజమో, భరోసా ఎంతవరకు నిజమో అక్కడి మత్స్యకారులే చదివి తెలుసుకోగలరు.